పటాన్‌చెరు దారిలో తంగేడు పూలు

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్ళే రహదారి మీద పటాన్‌చెరు దాటగానే ముత్తంగి, ఇస్నాపూరు, రుద్రారం, కంది వరుసగా వస్తాయి. ఆ పైన సంగారెడ్డి. మొత్తం పాతిక కిలోమీటర్ల దారి. రెండు ప్రక్కలా మందుల కంపెనీలు, ఇనుప సామానుల కర్మాగారాలు, గోదాములు, కొత్త ఇళ్ళ ప్లాట్లు. బస్సు కిటికీలోంచి చూచేవారికి ఇక్కడ పూలేముంటాయిలే అనిపిస్తుంది. కాని భాద్రపదం వెళ్ళే రోజుల్లో కాస్త శ్రద్ధగా చూడండి. ప్రహరీ గోడల ప్రక్కన, బండల సందున పసుపుపచ్చని గుత్తులతో ఒక పొద కనబడుతుంది. అదే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం. దానికి అవతల, ఇంకా సేద్యం జరుగుతున్న చేలలో తెల్లని కుచ్చుల మాదిరి నిలబడి ఉండేది గునుగు.

ఈ రెండూ లేనిదే బతుకమ్మ లేదని మీకు తెలుసు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరచి, తంగేడు పూలనూ రంగులద్దిన గునుగునూ వరుసలుగా పేరుస్తారు. ఎవరూ విత్తక, ఎవరూ నీళ్ళు పోయక పెరిగిన పూలివి.

1970ల తరువాత ఇక్కడ పారిశ్రామిక వాడలు పెరిగాయి. వాటివల్ల వేలమందికి కూడు దొరికింది, ఆ మాట మరువరాదు. అయితే బీడు భూములు తగ్గాయి. చేలలో కలుపు మందులు చల్లడంతో గునుగు కూడా పలచబడింది. మొన్న పండుగకు ముందు అంగడిలో ఒక ముసలమ్మ గునుగు కట్టను చేత పట్టుకొని నాతో, "గునుగు పువ్వుకు పైసలు పెట్టుడేంది సారూ! మా చిన్నప్పుడు పొద్దుగాల చెలకలకు పోయి ఒడి నింపుకొస్తుంటిమి" అన్నది. ఆమెకు నేనేమీ జవాబు చెప్పలేకపోయాను.

ఇదే పటాన్‌చెరులో గింజలను ప్రాణప్రదంగా కాపాడే చోటొకటి ఉన్నది. 1972లో స్థాపించిన ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పరిశోధన సంస్థ అది. ఎర్ర నేల, నల్లరేగడి రెండూ దాని ఆవరణలోనే ఉన్నాయి. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మొదలైన పంటల విత్తనాలు 1,20,000కు పైగా రకాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. చాలాకాలం నిలవ ఉండవలసిన వాటిని సున్నాకు 20 డిగ్రీల దిగువన ఉన్న చలి గదుల్లో ఉంచుతారు. పంట గింజలకు ఆ గదులున్నాయి. మరి పండుగ పూల గింజలకో? మీ పెరడూ, నాలుగు నర్సరీ కవర్లూ చాలు.

మొదట తంగేడు. చలికాలం చివర దాని కాయలు ఎండి, గోధుమ రంగు కాగితం ముక్కల్లా పలచగా వ్రేలాడుతాయి. కాయను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలమంటాయి. ఈ గింజకు పెంకు మహా గట్టిది, నీటిని లోపలికి రానీయదు. నేను పనిచేసిన ఒక బడిలో పిల్లలు ఇరవై గింజలు అట్లాగే విత్తారు, ఇంకో ఇరవై గరుకు బండ మీద రుద్ది, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి విత్తారు. వారం పది రోజులకు రుద్దిన గింజలు చాలావరకు మొలిచాయి. రుద్దనివాటిలో రెండే తల ఎత్తాయి.

గింజకు ఇంత మొండితనం ఎందుకు? మన మెట్ట ప్రాంతంలో తొలకరి కురిసి, తరువాత ఇరవై రోజులు చినుకు లేకపోవడం మామూలే. గింజలన్నీ మొదటి వానకే మొలిస్తే అన్నీ ఒక్కసారే మాడిపోతాయి. పెంకు కొన్నిటికి ముందు, కొన్నిటికి వెనుక అరుగుతుంది. అందువల్ల కొన్ని గింజలు మరో వానకో, మరుసటి ఏడాదికో మిగులుతాయి.

నానబెట్టినప్పుడు ఉబ్బిన గింజలనే విత్తండి. ఉబ్బనివాటిని మళ్ళీ రుద్దండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పెంట సమంగా కలిపి కవర్లు నింపాలి. కాలవల ప్రక్క మట్టి తేవద్దు, అందులో కర్మాగారాల మురుగు కలిసి ఉండవచ్చు. కవరు వెడల్పుకన్న లోతు ముఖ్యం. తంగేడు తల్లివేరు తిన్నగా క్రిందికి పోతుంది, అడుగు తగిలితే సుడులు తిరిగి మొక్క జబ్బుపడుతుంది. అడుగున చిల్లులు పొడవండి. వేరు చిల్లులోంచి తొంగి చూస్తే నాటే వేళ అయిందన్నమాట. మార్చిలో విత్తితే తొలకరికి మొక్క సిద్ధంగా ఉంటుంది. నాటేటప్పుడు మట్టి ముద్ద చెదరకుండా కవరును బ్లేడుతో నిలువునా కోసి తీసివేయాలి. పూతకు ఒకటి రెండేళ్ళు ఆగాలి. తంగేడును పశువులు మేయవు కనుక కంచె బెంగ లేదు.

పూసిన తరువాత ఒక ఉదయం పొద దగ్గర కూర్చోండి. తంగేడు పువ్వులో తేనె లేదు, పుప్పొడి మాత్రమే. అదికూడా కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లో దాగి ఉంటుంది. నల్లని తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని ఒళ్ళంతా అదిలిస్తుంది, పుప్పొడి ఉప్పులా రాలుతుంది. ఆ ధ్వని చెవితో వినవచ్చు.

గునుగు సంగతి సులువు. ఇది తోటకూర జాతిది, గింజలు నల్లగా, మెరుస్తూ, ఆవాలకన్న చిన్నవి. అంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం కొద్దిగానే ఉంటుంది, లోతుగా పాతితే మొలక పైకి రాలేదు. గింజలను పొడి ఇసుకతో కలిపి, తడిపిన మట్టిపై చల్లి, అరచేతితో మెల్లగా అదమండి. చెంబుతో నీళ్ళు పోయవద్దు, చేతితో చిలకరించండి. కవరుకు రెండు మొక్కలుంచి మిగిలినవి పీకేయండి. మృగశిర కార్తెలో చల్లితే బతుకమ్మ నాటికి పూస్తుంది. రైతు చేలో మాత్రం చల్లకండి, ఆయనకది కలుపు. బడి కంచె వెంట చల్లండి.

పండుగకు పూలన్నీ తెంపవద్దు. నాలుగు కంకులు మొక్కపైనే ఎండనిచ్చి, కాగితం పరచి దులిపితే వచ్చే ఏడాదికి గింజలు దొరుకుతాయి. వాటిని నీడలో ఆరబెట్టి కాగితపు పొట్లంలో కట్టి, పొట్లం మీద పువ్వు పేరు, తేదీ, గింజ ఏరిన చోటు రాయండి. ఇక్రిశాట్ చలి గదుల్లోని గింజలకూ ఏ దేశం, ఏ ఊరు నుంచి వచ్చాయో రాసిపెట్టి ఉంటుంది. మీ పొట్లం మీద "గునుగు, కార్తీకం, బడి వెనుక బీడు" అని ఉంటే సరిపోతుంది.