పీజో మోత, మా వాడి అరవై రోజులు

శాన్ రామన్ అపార్ట్‌మెంట్లలో గోడలు పల్చన. అందుకే మా నలుగురిదీ ఎలక్ట్రిక్ గిటార్ బ్యాచ్. రాత్రి ఆఫ్‌షోర్ కాల్ అయ్యాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయించుకుంటే పక్కింటివాళ్ళకి ఇబ్బంది ఉండదు. మాలో ఒకడి గిటార్‌కి బ్రిడ్జిలో పీజో పికప్ కూడా ఉంది. దాంతో అకూస్టిక్ గిటార్ సౌండ్ వస్తుందంటారు. వస్తుంది, కానీ మొదట తగరపు డబ్బా మీద రబ్బరు బ్యాండ్ లాగి వదిలినట్టే ఉంటుంది.

ఎందుకంటే మామూలు పికప్ అయస్కాంతంతో స్టీలు తీగ కదలికని పట్టుకుంటుంది. పీజో అలా కాదు, ఒత్తిడి పడితే కరెంటు పుట్టించే పదార్థం అది. 1880లో క్యూరీ అన్నదమ్ములు కనిపెట్టిన గుణమే. బ్రిడ్జి దగ్గర తీగ అదురుని అది ఉన్నదున్నట్టు చెబుతుంది. బోలు చెక్కపెట్టె, లోపలి గాలి కలిసి ఇచ్చే నిండుదనం ఈ గట్టి చెక్క గిటార్‌లో ఎక్కడుంది? లేనిదాన్ని ఏ నాబూ తేలేదు. దగ్గరికి మాత్రం తీసుకెళ్ళొచ్చు.

ముందు చూడాల్సింది ఇంపీడెన్స్. పీజోని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో పెడితే బేస్ అంతా పోయి గీరినట్టుంటుంది. కనీసం 1 మెగా ఓమ్, కుదిరితే 10 మెగా ఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్ మధ్యలో ఉండాలి. గిటార్‌లోనే ప్రీఆంప్ ఉంటే సరే, కానీ జాక్ పీకకుండా పడుకుంటే 9 వోల్టుల బ్యాటరీ ఊరికే అరిగిపోతూ ఉంటుంది!

తర్వాత స్పీకర్. ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. తీగ మిలమిల అంతా అక్కడే కదా ఉండేది! అకూస్టిక్ ఆంప్ గానీ, పాటకి పెట్టే మామూలు పీఏ స్పీకర్ గానీ వాడండి. ఈక్వలైజర్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య చెవికి గుచ్చుకునే చోటు వెతికి కొంచెం తగ్గించండి. అన్నిటికన్నా తేడా తెచ్చింది ఇంపల్స్ రెస్పాన్స్, అంటే మైకు పెట్టి పట్టిన అసలు గిటార్ పెట్టె ముద్ర. దాన్ని సగం, పీజోని సగం కలిపాం.

కరెంటు వాద్యమని చిన్నచూపు వద్దు. పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీతం వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ మీదే.

ఇంత హడావుడి ఎందుకంటే, ఆ గిటార్ మావాడికి లేఆఫ్ వచ్చింది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి 60 రోజుల లెక్క మీ అందరికీ తెలిసిందే. వాడికి పంతొమ్మిది మిగిలాయి. సోఫా అమ్మేశాడు, కారు బేరంలో ఉంది, గిటార్ మాత్రం అమ్మనన్నాడు. తెనాలిలో వాళ్ళమ్మకి వాట్సాప్‌లో పాట పంపితే "ఆ డబ్బా మోతేంట్రా?" అంది. వాడు నవ్వలేదు. మేమూ నవ్వలేదు. నిన్న పంపినది విని మాత్రం "ఇది బాగుంది నాన్నా, ఎవరు వాయించారు?" అని అడిగింది.

ఇంకో మూడు పాటలున్నాయి. ఎవరి దగ్గరన్నా చిన్న అకూస్టిక్ ఆంప్ ఉంటే ఆదివారం దాకా ఇవ్వండి. డబ్లిన్ అయినా, ప్లెజంటన్ అయినా మేమే వచ్చి తీసుకుంటాం.