ట్రిమ్ కింద దాచిన తప్పులు

ఆర్‌సీ కారు రిమోట్ మీద స్టీరింగ్ ట్రిమ్ అని చిన్న నాబ్ ఒకటి ఉంటుంది. బండి తిన్నగా పోకుండా కాస్త పక్కకు లాగుతుంటే, రవ్వంత తిప్పి సరిచేసుకోవడానికి. రవ్వంత అన్నది ముఖ్యం. నా బగ్గీకి ఆ నాబ్ ఒక పక్కకు ఇంక తిరగనంత దాకా తిరిగిపోయి ఉండేది. అయినా బండి తిన్నగానే పోతోంది గదా అని మురిసిపోయాను. ఆ మురిపెం చాలా రోజులే సాగింది.

మాది మహారాష్ట్రలోని సిరోంచ. ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా, గోదావరి దాటితే కాళేశ్వరం. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి మాత్రం అడవి దారిన దాదాపు 200 కిలోమీటర్లు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బతుకుతెరువు మొబైల్ రిపేరు. రోజంతా భూతద్దం కింద కంటికానని స్క్రూలు విప్పి బిగించేవాణ్ణి, ఓ బొమ్మకారు బిగించడం నాకో లెక్కా అనుకున్నాను. హైదరాబాద్‌లో చదువుకునే మా అక్క కొడుకు సెలవులకు వస్తూ ఆ కిట్ తెచ్చాడు. అసలు బండిలో పదో వంతు సైజు, నాలుగు చక్రాలకూ షాఫ్ట్‌తో బలం అందే బగ్గీ. పెట్టె తెరిస్తే సంచుల నిండా ప్లాస్టిక్ ముక్కలు, గేర్లు, స్క్రూలు, 540 సైజు మోటారు, రంగు వేయని బాడీ, ఒక బొమ్మల పుస్తకం. ఈ ఆటలో కిట్ అంటే అదే పద్ధతి. 1976లో పోర్షే 934తో ఆర్‌సీ కార్లు మొదలుపెట్టిన జపాన్ టామియా కంపెనీ, 1984లో తెచ్చిన హార్నెట్ బగ్గీని కూడా ముక్కలుగానే అమ్మింది. కొన్నవాడే బిగించుకోవాలి. అప్పుడే విరిగినప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టాలో వాడికి తెలుస్తుంది.

పుస్తకం చూస్తూ నిదానంగా బిగిద్దాం మామా అన్నాడు వాడు. వాడు ఊళ్లో చుట్టాలను చూడ్డానికి వెళ్లాక, రాత్రి షాపు షట్టర్ దించి నేనొక్కణ్ణే బిగించేశాను. పుస్తకం తెరిచే ఉంది, నేను చూడలేదు.

మొదటి దెబ్బ నా పనిముట్టు దగ్గరే పడింది. జపాన్ కిట్లలో స్క్రూలు చూడ్డానికి మామూలు ప్లస్ గాడిలాగే ఉంటాయి. కానీ అది జేఐఎస్ అనే వాళ్ల ప్రమాణం ప్రకారం చేసిన గాడి. మన ఫిలిప్స్ డ్రైవర్ మొన అందులో అడుగుదాకా కూర్చోదు. గట్టిగా తిప్పితే జారి, గాడి అరిగిపోతుంది. నేను ఇంకా గట్టిగా తిప్పాను. పైగా ఆ స్క్రూలు నేరుగా ప్లాస్టిక్‌లోకి దిగేవి. తల ఆనాక ఇంకో పావు చుట్టు తిప్పితే లోపలి మర పోతుంది. సస్పెన్షన్ ఆర్మ్ కీలు దగ్గరా అలాగే అతిగా బిగించాను. షాక్ విప్పేసినప్పుడు ఆర్మ్ తన బరువుకు తానే కిందికి వాలాలి. నాది ఎక్కడ వదిలితే అక్కడే నిలబడేది. గట్టిగా ఉందని సంతోషించాను.

స్టీరింగ్ తిప్పే సర్వో సంగతి కూడా అంతే. ముందు రిమోట్, తర్వాత బండి ఆన్ చేసి, సర్వో నడిమికి వచ్చి ఆగాక దాని ఇరుసుకు హార్న్ అనే చేయి తొడగాలి. నేను కరెంటు ఇవ్వకుండానే కంటి అంచనాతో తొడిగాను. పళ్ల ఇరుసు మీద ఒక్క పన్ను తేడా. దాన్ని కప్పడానికే ట్రిమ్ అంత తిప్పాల్సి వచ్చింది. దాంతో బండి తిన్నగా పోయింది గానీ, ఎడమకు ఇట్టే మళ్లేది, కుడికి మళ్లాలంటే సగం మైదానం కావలసి వచ్చేది.

అక్కణ్ణుంచి నేను చేసిన ‘సెటప్’ అంతా ఇలాంటిదే. ముందు భాగం గుంటల్లో ఎగిరిపడుతోందని మెత్తటి స్ప్రింగులు వేశాను. అసలు కారణం బిగుసుకుపోయిన ఆర్మ్. వెనక ఒక పక్కకు వాలుతోందని ఆ పక్క స్ప్రింగ్ కింద స్పేసర్ పెట్టాను. అసలు కారణం షాకులు. ఆయిల్ పోశాక పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలన్నీ పైకి తేలి పగిలేదాకా ఓపిక పట్టి మూత పెట్టాలి. ఒకదాంట్లో గాలి మిగిలింది, ఇంకోదాంట్లో ఆయిల్ ఎక్కువైంది. రెంటినీ పక్కపక్కన పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఒకేసారి నొక్కి వదిలి ఉంటే అప్పుడే తెలిసేది: ఒకటి చప్పున కూలి నీరసంగా లేస్తుంది, ఇంకోటి సగంలోనే ఆగి వెనక్కి తంతుంది. కాంబర్ (చక్రాల వాలు), టో (చక్రాల దిశ), రైడ్ హైట్ అంటూ వీడియోలు చూసి అన్నీ ఒకేసారి మార్చేవాణ్ణి. దేనివల్ల ఏమైందో దేవుడికే తెలియాలి.

బాడీ గురించి ఒక్క మాట. పాలీకార్బొనేట్ బాడీకి రంగు లోపలి వైపు వేస్తారు, దానికోసం చేసిన రంగే వేస్తారు. నేను హార్డ్‌వేర్ షాపు స్ప్రే పైనుంచి కొట్టాను. మొదటి పల్టీకే పెచ్చులూడింది.

ఇక నది. 2023 అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బరాజు పియర్లు కుంగాక నీళ్లు వదిలేశారు. ఎండాకాలం వచ్చేసరికి బ్యాక్‌వాటర్ కింద మునిగిన ఇసుకమేటలు మళ్లీ తేలాయి. రేసు ట్రాక్ దేవుడిచ్చాడనుకున్నాను. మే నెల, ఇక్కడ 45 డిగ్రీలు మామూలే. వేగం చాలదని మోటారు మీది 17 పళ్ల పినియన్ గేరు తీసి 22 పళ్లది వేశాను. అది తిప్పే స్పర్ గేరుకు 70 పళ్లు. అంటే స్పర్ ఒక్క చుట్టు తిరగడానికి మోటారు నాలుగు చుట్లకు పైగా తిరిగేది కాస్తా మూడు చుట్ల చిల్లరతో లాగాల్సి వచ్చింది, అదీ చక్రాలు దిగబడే ఇసుకలో. కాసేపటికే మోటారు వేలు ఆనించలేనంత కాలింది, వాసనొచ్చింది.

విప్పి చూస్తే ఇంకో కథ. మా నది ఇసుకలో నల్లటి ఇనుప రేణువులుంటాయి. చిన్నప్పుడు స్పీకర్ అయస్కాంతం ఇసుకలో తిప్పి ఆ నల్లపొడి పోగు చేయని పిల్లాడు ఈ ఒడ్డున ఉండడు. మోటారులోనూ ఉన్నది అయస్కాంతమే కదా! గాలి కోసం వదిలిన కంతల్లోంచి దూరిన ఆ పొడి లోపల మీసాల్లా మొలిచి ఉంది. ఇరుసుల దగ్గర కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ బుష్‌లకు నేను ధారాళంగా పూసిన గ్రీజు, ఇసుకతో కలిసి సానపెట్టే ముద్దయింది. ఇనుప ఇరుసు మీద గోరుకు తగిలేంత గాడి. అప్పుడు నేనన్న మాట, ‘ఈ ఇసుకలో ఏ బండీ నడవదు’. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

బ్యాటరీ విషయం మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఫోన్ బ్యాటరీ తల దగ్గర చిన్న రక్షణ బోర్డు ఉంటుంది. ఛార్జ్ మరీ దిగిపోతే అదే కరెంటు ఆపేస్తుంది. రోజూ వాటితోనే పని కాబట్టి అన్నీ అంతేననుకున్నాను. ఆర్‌సీ లిపో ప్యాక్‌కు అలాంటి బోర్డు ఉండదు. రెండు సెల్స్ ప్యాక్ నిండితే 8.4 వోల్టులు, ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగకూడదు. దాన్ని చూసుకోవాల్సింది మోటారును నడిపే ఈఎస్‌సీ. నా ఈఎస్‌సీ మీద జంపర్ నికెల్ బ్యాటరీ వైపే ఉండిపోయింది. బండి ఆగేదాకా నడిపాను. ప్యాక్ ఉబ్బింది. షాపులో, కస్టమర్ల ఫోన్ల మధ్య, దాన్నే మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టబోయాను. మేనల్లుడు చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మామా, గిది ఇసుక తప్పు గాదు, బండి తప్పు గాదు. నువ్వు బిగించుడే తప్పు. మొత్తం విప్పుదాం.”

కోపం వచ్చింది. నా కళ్లముందు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్చినవాడు. కానీ వాడు ట్రిమ్‌ను సున్నాకు తెచ్చి బండిని సిమెంటు నేల మీద వదిలాడు. అది గిర్రున తిరిగి నా కాలికే గుద్దుకుంది. నేనిక మాట్లాడలేదు.

పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టాం. జేఐఎస్ డ్రైవర్, లోపల 5, బయట 11 మిల్లీమీటర్ల సీల్డ్ బాల్ బేరింగులు హైదరాబాద్ నుంచి తెప్పించాం. గ్రీజు గేర్ల పెట్టె లోపలే, బయట చుక్క లేదు. మళ్లీ 17 పళ్ల పినియనే. మోటారు కంతలకు పాత మేజోడు ముక్క కట్టాం; గాలి తగ్గుతుంది కాబట్టి మధ్యమధ్యలో ఆపి చల్లారనిస్తాం. సెటప్ అంటారా, పుస్తకంలో ఉన్నదే పెట్టాం, ఒక్కటీ మార్చలేదు. బండి అంతకుముందు ఎన్నడూ లేనంత నిలకడగా పోయింది. నేను అన్నాళ్లూ చేసింది సెటప్ కాదు, బిగింపులో తప్పుల మీద ముసుగు.

సిరోంచ, అహేరి, కాళేశ్వరం వైపు ఎవరైనా కిట్ మొదలుపెడితే జేఐఎస్ డ్రైవర్ నా షాపులో ఉంది, వచ్చి తీసుకెళ్లండి. ముందే బిగించేసిన బండి తెచ్చి సెటప్ చెయ్యమంటే మాత్రం, మొదట ట్రిమ్ సున్నాకు తిప్పి చూస్తాను, ఏమీ అనుకోవద్దు.