నన్ను అడగకుండా

మాది పలివెల. కొత్తపేటకి ఆనుకునే ఉంటుంది. కొప్పులింగేశ్వరస్వామి గుడి ఉన్న ఊరంటే కోనసీమలో తెలియనివాళ్లుండరు. ఆడపిల్లగానే పుట్టాను, ఆడపిల్లగానే పెరిగాను, ఇవాళ్టికీ ఆడదాన్నే. నా ఒంట్లో ఉన్నవి మాత్రం మామూలుగా మగవాళ్లలో కనిపించే ఎక్స్‌వై క్రోమోజోములు. గర్భసంచి లేదు. పొత్తికడుపులో వృషణాలుండేవి. పదహారో ఏట వాటిని ఆపరేషన్ చేసి తీసేశారు. ముందు నన్ను అడగలేదు. తర్వాతా చెప్పలేదు.

పేరు చెప్పకుండా రాస్తున్నాను. సిగ్గుపడి కాదు. ఊళ్లో అమ్మ ఉంది, రేపు పెళ్లీడుకొచ్చే చెల్లెలి కూతురుంది. వాళ్ల బతుకుల మీద మాట పడకూడదు.

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే అది ఇంటి గుట్టుగా ఉండదు. చాప వేసి కూర్చోబెడతారు, చిమ్మిలి తినిపిస్తారు, మేనమామ చీర తెస్తాడు, వీధిలో అందరికీ పిలుపులు వెళ్తాయి. టెన్త్ పూర్తయ్యేసరికి నా తోటివాళ్లందరికీ ఆ వేడుక జరిగిపోయింది. మా ఇంట్లో జరగలేదు. “ఏమ్మా, మీ పెద్దది ఇంకా కాలేదా?” అని కాలవ రేవులో అమ్మని అడిగేవారు. అమ్మ రేవుకెళ్లడం మానేసి ఇంట్లో బోరింగు దగ్గరే బట్టలుతుక్కునేది. నువ్వులూ బెల్లం దంచి పెట్టింది, మెంతులు నానబెట్టి తినిపించింది, సోమవారాలు ఉపవాసముండి గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఏవో ఇంజక్షన్లు చేశాడు. ఏదీ పనిచేయలేదు. పనిచేసే వీల్లేదని అప్పుడు ఎవరికీ తెలియదు.

నన్ను మావయ్య కొడుక్కివ్వాలని నేను పుట్టినప్పుడే అనుకున్నారు. అందుకని ఆ ఆలస్యం రెండు కుటుంబాల బెంగ అయిపోయింది. ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో నాన్న నన్ను పట్నంలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

స్కానింగ్ చేశారు. రక్తం తీశారు. ఆ తర్వాత ఒక గదిలో బల్ల మీద పడుకోబెట్టారు. పెద్ద డాక్టరుతో పాటు చదువుకునే పిల్లలు చాలామంది వచ్చారు, ఆడా మగా ఇద్దరూ. నా లంగా తీయించారు. ఒకరి తర్వాత ఒకరు చేతికి గ్లవ్స్ వేసుకుని చూశారు. వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఒకాయన ఫోటో తీశాడు. నా మొహం వైపు చూసిన వాళ్లు లేరు. ఏడుస్తున్నానని గమనించి ఒక నర్సమ్మగారు మాత్రం నా చెయ్యి పట్టుకున్నారు. ఆ గదిలో నేను మనిషినని గుర్తున్నది ఆవిడొక్కరికే.

నాన్నని విడిగా పిలిచి మాట్లాడారు. ఆ మాటలు చాలా ఏళ్ల తర్వాత ఆయన నోటే విన్నాను. “మీ అమ్మాయి పూర్తిగా ఆడపిల్ల కాదు. లోపలున్నవి తీయకపోతే కేన్సరవుతుంది. ఈ సంగతి అమ్మాయికి చెప్పొద్దు, ఏ అఘాయిత్యమైనా చేసుకుంటుంది.” నాన్న కొబ్బరి దింపు కూలీ. తెల్లకోటు వేసుకున్న మనిషి కేన్సరన్నాక ఇంకేం అడుగుతాడు? వేలిముద్ర వేశారు. కడుపులో గడ్డ ఉందని నాకు చెప్పారు.

ఆపరేషన్ గాయం మానింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు వచ్చేవి. జనవరి చలిలో చెమటతో జాకెట్టు తడిసిపోయేది. రాత్రుళ్లు నిద్ర లేదు. ముట్లుడిగిన ఆడవాళ్లకొచ్చే బాధలన్నీ నాకు పదిహేడో ఏటే వచ్చాయి. ఎందుకో ఇప్పుడు తెలుసు. నాకున్న స్థితిని ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అంటారు. ఒంట్లో పురుష హార్మోను తయారవుతుంది గానీ శరీరం దాన్ని అందుకోలేదు. ఆ హార్మోనే ఈస్ట్రోజెన్‌గా మారి, నాకు ఆడపిల్ల రూపాన్నీ ఎముకలకి బలాన్నీ ఇచ్చింది. దాన్ని తయారుచేసే అవయవాల్నే తీసేశారు. తీసేశాక జీవితాంతం హార్మోను మాత్రలు వాడాలి. కొన్నాళ్లు రాసిచ్చారు, డబ్బుల్లేక మానేశాం. మానకూడదని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ముప్పై నిండకుండానే నడుం నొప్పితో ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకుంటే, ముసలివాళ్ల ఎముకల్లా ఉన్నాయన్నారు.

కేన్సర్ భయం పూర్తిగా అబద్ధం కాదు. కానీ నాలాంటి స్థితి ఉన్నవాళ్లలో యుక్తవయసు పూర్తయ్యేదాకా ఆ ముప్పు చాలా తక్కువ. అందుకే ఇప్పుడు చాలామంది వైద్యులు యుక్తవయసు దాటేదాకా ఆగి, పరీక్షలతో కనిపెట్టుకుంటూ ఉండి, ఆ మనిషితోనే మాట్లాడి నిర్ణయిస్తున్నారు. నా విషయంలో ఆగడానికి వ్యవధి ఉంది. మాట్లాడటానికి నేనూ ఉన్నాను.

మావయ్యావాళ్లకి సంగతి తెలిసిపోయింది. సంబంధం చెడిపోయింది. అది పెద్ద బాధ కాదు. అమ్మని అన్న మాటలే బాధ. మీలా మేనరికం చేసుకుంటే ఇలాంటివే పుడతాయని మొహం మీదే అన్నారు. నా స్థితికి మేనరికం కారణం కాదు. ఎక్స్ క్రోమోజోములో ఒక జన్యువులో మార్పు అది. కొన్నిసార్లు తల్లి నుంచి వస్తుంది, కొన్నిసార్లు బిడ్డలో కొత్తగా పుడుతుంది. ఎవరి తప్పూ ఉండదు. ఈ నాలుగు మాటలు ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే అమ్మ అన్నేళ్లు తలదించుకునేది కాదు. ఇంకొందరు నన్ను అర్ధనారీశ్వరుడి అంశ అన్నారు, దణ్ణం కూడా పెట్టారు. శాపమన్నవాళ్లూ, దేవుడి అంశ అన్నవాళ్లూ నన్ను వాళ్ల పిల్లలతో కలిసి భోజనానికి కూర్చోబెట్టలేదు. నాకు పూజ అక్కర్లేదు. అందరితో పాటు ఒక విస్తరి చాలు.

2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో శాంతి సౌందరరాజన్ అనే తమిళమ్మాయి 800 మీటర్ల పరుగులో వెండి పతకం గెలిచింది. పుదుక్కోట్టై జిల్లాలో ఇటుకబట్టీ కూలీల బిడ్డ. లింగ నిర్ధారణ పరీక్షలో తప్పిందని పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ అమ్మాయి ఒంటి రహస్యం దేశమంతా పేపర్లలో చదివింది. మా ఇంట్లో ఆ పేజీ మడిచి దాచేశారు. నేను తీసి చదివాను. ఆమెకొచ్చిందే నాకూ వచ్చిందేమోనన్న అనుమానం ఆ రోజే మొదలైంది.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు (డీఎంఎల్‌టీ) చదివి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరాను. రోజూ పదిమంది రిపోర్టులు చదివే పని. ఒక సంక్రాంతికి ఇంటికెళ్లి, నా ఫైలు కావాలని అమ్మని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బీరువా తీసి ప్లాస్టిక్ కవరు నా చేతిలో పెట్టింది. క్రోమోజోముల పరీక్ష కాగితం మీద 46, ఎక్స్‌వై అని ఉంది. తీసిన ముక్కలు వృషణ కణజాలమని బయాప్సీ రిపోర్టులో ఉంది. చదవడం వచ్చినదాన్ని కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. నాన్న ఆ పూట అన్నం తినలేదు. ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయనకీ నిజం చెప్పలేదు, భయం మాత్రం చెప్పారు.

ఆ రోజుల్లోనే ఒడిశా నుంచి వచ్చిన పరుగు క్రీడాకారిణి ద్యుతీ చంద్ హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీలో నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ తీసుకుంటోంది. ఒంట్లో పురుష హార్మోను ఎక్కువుందని 2014లో ఆమెని పోటీలకి దూరం పెట్టారు. మందులు వాడి తగ్గించుకొమ్మంటే ఒప్పుకోలేదు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జూలైలో ఆ నిబంధనని కోర్టు నిలిపేసింది. మరుసటి ఏడాది రియో ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. నా ఒంట్లో లోపమేమీ లేదు, మార్చుకోనని ఒక పల్లెటూరి చేనేత కుటుంబం పిల్ల ప్రపంచానికి చెప్పి నిలబడింది. నాకు ధైర్యమొచ్చింది అక్కడ.

దారి చూపించింది మాత్రం మదురై. నాలాంటి శరీర తేడాలతో పుట్టినవాళ్లని ఇంటర్‌సెక్స్ అంటారు. అక్కడ గోపీ శంకర్ అనే ఇంటర్‌సెక్స్ కార్యకర్త సృష్టి మదురై సంస్థ పెట్టి, పసిపిల్లలకి చేసే ఈ ఆపరేషన్ల మీద ఏళ్లుగా పోరాడారు. 2019 ఏప్రిల్ 22న మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనంలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ తీర్పిచ్చారు. కేసు అరుణ్‌కుమార్, శ్రీజల పెళ్లి రిజిస్ట్రేషన్ గురించి. ఆ తీర్పులోనే గోపీ శంకర్ కృషిని ప్రస్తావిస్తూ, ఇంటర్‌సెక్స్ శిశువులకి ఆడో మగో చేసే ఆపరేషన్లు నిషేధించాలని ప్రభుత్వాన్ని ఆదేశించారు. తల్లిదండ్రుల అంగీకారం బిడ్డ అంగీకారం కిందకి రాదన్నారు. ఆ వాక్యం దగ్గర నాన్న వేలిముద్ర గుర్తొచ్చి చాలాసేపు ఏడ్చాను. అదే ఏడాది ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం జీవో ఇచ్చింది. ప్రాణాపాయం ఉంటే తప్ప ఆ ఆపరేషన్లు చేయకూడదు. దేశంలో అలాంటి జీవో ముందు వచ్చింది అక్కడే. ప్రపంచంలో మొదట చట్టం చేసిన దేశం మాల్టా, 2015లో.

అప్పట్నుంచి నేను చేసే పని ఇది. బిడ్డ పుట్టగానే ఆడో మగో తేల్చలేకపోయారని తెలిస్తే, ఎవరైనా ఆశా కార్యకర్తో నర్సమ్మో నాకు కబురు పెడతారు. ఇంటికి వెళ్తాను. రిపోర్టులు చదివి తెలుగులో చెప్తాను.

ఒకసారి కోనసీమలోనే ఒక లంక గ్రామం నుంచి కబురొచ్చింది. మేనరికం దంపతులు. బిడ్డ పుట్టి రెండు వారాలు దాటింది, పాలు తాగట్లేదు, వాంతులు, నీరసం. బారసాల చేయలేదు, ఎవరినీ చూడనివ్వట్లేదు. మర్మాంగం ఎటూ తేలకుండా ఉంది. అందరూ ఆపరేషన్ ఎప్పుడు, ఎంతవుతుందనే మాట్లాడుతున్నారు. ముందు బిడ్డని పిల్లల డాక్టరు దగ్గరికి పరిగెత్తించండని చెప్పాను. ఎందుకంటే ఇలా పుట్టే పిల్లల్లో కొందరికి అడ్రినల్ గ్రంథి లోపం ఉంటుంది, వాళ్లలో చాలామందికి ఒంట్లో ఉప్పు నిలవదు. పుట్టిన రెండు మూడు వారాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఈ లోపం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది కాబట్టి మేనరికాల్లో ఎక్కువ. అనుమానం నిజమైంది. సెలైన్ ఎక్కించారు, హైడ్రోకార్టిసోన్, ఫ్లుడ్రోకార్టిసోన్ మందులు మొదలుపెట్టారు. బిడ్డ బతికింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. ఆ మందు అత్యవసరం. ఒక్క పూట ఆగకూడదు. కత్తి అత్యవసరం కాదు. మూత్రం ఆగిపోతేనో ప్రాణం మీదికొస్తేనో అది వేరు. చూసేవాళ్ల కళ్లకి సరిపడేలా పసిబిడ్డ ఒళ్లు కోయడం వైద్యం కాదు. మా ఇళ్లల్లో మాత్రం మందుకి డబ్బుల్లేవంటారు, ఆపరేషన్‌కి అప్పు చేస్తారు.

ఆ బిడ్డ నాయనమ్మ నాతో గట్టిగా వాదించింది. “ఎవరైనా స్నానం చేయిస్తూ చూస్తే ఏటమ్మా మా పరువు?” అంది. ఆవిడ భయం నాకు తెలుసు, మా అమ్మలో చూశాను. “పరువు మీది నాయనమ్మా, ఒళ్లు బిడ్డది. కోసింది మళ్లీ అతకదు. స్పర్శ పోతే తిరిగి రాదు. పెద్దయ్యాక తనే అడుగుతుంది, ఎవరు కోయమన్నారని. అప్పుడు మీరుండొచ్చు, ఉండకపోవచ్చు” అన్నాను. పేరు పెట్టి ఆడపిల్లగా పెంచడానికి ఆపరేషన్‌తో పనిలేదని డాక్టరుగారూ చెప్పారు. బారసాల చేశారు. ఆ పిల్ల ఇప్పుడు అంగన్‌వాడీకి వెళ్తోంది. అన్నిసార్లూ ఇలా జరగదు. ఇంకో ఊళ్లో నేను వెళ్లేసరికే ఒక బాబుని ఆపరేషన్‌కి తీసుకెళ్లిపోయారు. తర్వాత వాళ్లు నాతో మాట్లాడలేదు.

చట్టం మాకు కొంతే తోడుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో, లింగ గుర్తింపు కోసం ఎవరినీ ఆపరేషన్‌కి బలవంతపెట్టకూడదంది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ఇంటర్‌సెక్స్ వాళ్లనీ తన నిర్వచనంలో చేర్చింది గానీ, పసిపిల్లల ఆపరేషన్ల మీద నిషేధం పెట్టలేదు. గోపీ శంకర్ పిటిషన్ మీద 2024లో సుప్రీంకోర్టు కేంద్రానికి నోటీసిచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి మావంటివాళ్ల మీద వివక్షకి వ్యతిరేకంగా తొలిసారి తీర్మానం చేసింది. జనాభాలో 0.05 నుంచి 1.7 శాతం దాకా ఇలాంటి తేడాలతో పుడతారని ఐక్యరాజ్యసమితి చెబుతోంది. తక్కువ అంకె తీసుకున్నా రెండువేల మందిలో ఒకరు. ప్రతి మండలంలోనూ మేమున్నాం. కనబడకపోవడానికి కారణం మమ్మల్ని దాచేయడమే.

నేను అడిగేది పెద్దది కాదు. తమిళనాడులో ఇచ్చినట్టు మన రాష్ట్రంలోనూ జీవో రావాలి. అడ్రినల్ లోపానికి వాడే మందులు ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా దొరకాలి. ఆపరేషన్లు ఇప్పటికే జరిగిపోయిన మాలాంటివాళ్లకి హార్మోను మాత్రలు, ఎముకల పరీక్ష ప్రభుత్వం ఇవ్వాలి. ఎవరి ఫైలు వాళ్ల చేతికి రావాలి.

డాక్టరుగారూ, బిడ్డని పదిమందికి చూపించే ముందు తల్లిని అడగండి. కేన్సరనే మాట వాడే ముందు ముప్పెంతో, ఎప్పుడో విడమరచి చెప్పండి. తల్లీ తండ్రీ, సంతకం పెట్టే ముందు ఒక్క మాట అడగండి: “ఇప్పుడు చేయకపోతే మా బిడ్డ ప్రాణానికి ముప్పుందా?” లేదంటే ఆగండి. బిడ్డకి మాటలొస్తాయి, ఊహ తెలుస్తుంది, తన ఒంటి గురించి తనకో ఇష్టం ఏర్పడుతుంది. ఆ రోజు కూర్చోబెట్టి నిజం చెప్పండి. ఏం చేయాలో తనే చెబుతుంది.