కౌంటర్ వెనక మేము

బంజారాహిల్స్ దాటితే జూబ్లీహిల్స్, దాన్ని ఆనుకుని ఫిల్మ్‌నగర్. ఆ మొదటి కొండకు పేరు మా వాళ్ల వల్లే వచ్చింది. మెహదీ నవాజ్ జంగ్ ఈ రాళ్ల మధ్య ఇల్లు కట్టుకున్న కాలంలో ఇక్కడ ఉన్నది బంజారాలేనని పెద్దలు చెప్తారు. 2022 సెప్టెంబర్ 17న అదే కొండ మీద, రోడ్ నంబర్ 10లో, ప్రభుత్వం సేవాలాల్ బంజారా భవన్ తెరిచింది. పేరుంది, భవనం ఉంది. మేమూ ఉన్నాం. కాకపోతే మేమున్న చోటు బోర్డుల మీద కనిపించదు. ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్ల వెనక, కడాయిల దగ్గర, నూనె డబ్బాల పక్కన ఉన్నాం.

దేవరకొండ, అచ్చంపేట, మహబూబాబాద్ వైపు తండాల నుంచి వచ్చినవాళ్లం. ఇంటర్ అయినవాళ్లున్నారు, డిగ్రీ సగంలో ఆగినవాళ్లున్నారు, బోరు ఎండి పత్తి పోయాక అప్పు నెత్తిన పెట్టుకుని బస్సెక్కినవాళ్లున్నారు. కృష్ణానగర్, రహమత్‌నగర్, బోరబండ గల్లీల్లో ఒక్కో గదికి ఐదారుగురం ఉంటాం. పైన అద్దాల కౌంటర్లలో బర్గర్లు, పిజ్జాలు చేసేది కొందరం. కింద కృష్ణానగర్‌లో బండి మీద ఫ్రైడ్ రైస్, నూడుల్స్ వేసేది కొందరం. పైవాళ్లకు టోపీ ఇస్తారు, కిందివాళ్లకు ఇవ్వరు. అంతే తేడా.

మీరు రాత్రి తినే ప్లేటు పని మాకు మధ్యాహ్నమే మొదలవుతుంది. అన్నం పలుకుగా వండి ఆరబెట్టాలి. వేడన్నం కడాయిలో వేస్తే ముద్దవుతుంది. క్యాబేజీ, క్యాప్సికం, ఉల్లికాడలు కట్టింగ్ చేయాలి. చికెన్‌కు మసాలా పట్టించాలి. సాయంత్రం మాస్టర్ వస్తాడు. ఇక రాత్రి పన్నెండు దాకా మంట ఆగదు. యాడి చేతుల మీద పచ్చబొట్లుంటాయి, మా చేతుల మీద నూనె చిందిన మచ్చలుంటాయి. కూర్చోవాలనిపిస్తే ఖాళీ నూనె డబ్బానే మా కుర్చీ, అదీ ఓనర్ లేనప్పుడు. బిల్లింగ్ దగ్గర నిలబడే మా చెల్లెళ్లకు అదీ లేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలు మార్చుకున్నాయి. ఆ సంగతి ఫోన్‌లో చదివినప్పుడు కూడా మేం నిలబడే ఉన్నాం.

కౌంటర్ వెనక నిలబడితే మనుషుల్ని చదవడం వస్తుంది. జూనియర్ ఆర్టిస్టులకు పని దొరికిందో లేదో మాకు ప్లేటే చెప్తుంది. షూటింగ్ డబ్బులు చేతికొచ్చిన రాత్రి చికెన్ నూడుల్స్ అడుగుతారు. పని లేని రోజు ఇద్దరు కలిసి ఒక ఎగ్ రైస్ తింటారు. వారం రోజులు పని లేకపోతే, పాత బాకీ గుర్తొచ్చి, రోడ్డుకు అవతలి వైపు నుంచి నడిచిపోతారు. మేం పిలవం. ఆ నడక మాకూ తెలుసు.

పార్సిల్ కోసం నిలబడే డెలివరీ పిల్లల్లో మా తండాలవాళ్లూ ఉంటారు. ఆర్డర్ ఆలస్యమైతే వాళ్లకు నష్టం, మేం తొందరపడితే మాకు చెయ్యి కాలుతుంది. ఒక రాత్రి అలాంటి పిల్లాడొకడు గోర్ బోలీలో పలకరించాడు. మేమూ మా మాటలోనే జవాబిచ్చాం. మేనేజర్ వచ్చి, కస్టమర్ల ముందు ఆ భాష వద్దన్నాడు. బంజారా పేరున్న కొండ పక్కనే ఈ మాట విన్నాం.

మాటను ఇలా మింగడం అలవాటైతే, చెప్పాల్సిన మాట కూడా గొంతులోనే ఉండిపోతుంది. నూనె సంగతే తీసుకోండి. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే దాన్ని వాడకూడదని 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటర్ మా చేతికి ఎవరూ ఇవ్వలేదు. అయినా మాకు తెలుస్తుంది. నూనె నల్లబడి చిక్కబడుతుంది. నురగ తగ్గదు. మామూలు కన్నా ముందే పొగ లేస్తుంది, కళ్లు మండుతాయి. మాలో ఒకతను ఈ నూనె మార్చాలన్నాడు. "డబ్బా ఎంతో తెలుసా? నీ జీతంలో కట్ చేయనా?" అన్నాడు ఓనర్.

మయోనైజ్ కూడా అంతే. పచ్చిగుడ్డుతో చేసింది వేడిలో గంటల తరబడి బయట ఉంటే చెడుతుందని చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఫ్రిజ్‌లో పెడదామంటే "నీ పని చూసుకో" అనిపించుకున్నవాళ్లం ఉన్నాం. 2024 అక్టోబర్‌లో బంజారాహిల్స్ నందినగర్‌లో మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయింది. చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30న ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. ఆ వార్త వచ్చిన రాత్రి మా గదిలో ఎవరికీ అన్నం సహించలేదు. చనిపోయినామె కూడా పిల్లలకు తిండి పెట్టే తల్లే.

తనిఖీ అధికారి ఎప్పుడో ఒకరోజు వస్తాడు. మేం రోజూ ఉంటాం. అధికారి కన్నా ముందు తెలిసేది మాకే. తెలిసినా చెప్పలేకపోవడానికి కారణం ఒక్కటే. మా చేతిలో కాగితం లేదు. ఈ రోజు నోరు తెరిస్తే రేపు రావద్దంటారు.

1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటల పని అంటుంది. అంతకు మించితే రెట్టింపు కూలి ఇవ్వాలంటుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట నెలకు 21,000 రూపాయల దాకా జీతమున్నవాళ్లకు ఈఎస్‌ఐ రావాలి. మాలో చాలామందికి అపాయింట్‌మెంట్ లెటర్ ఎలా ఉంటుందో తెలియదు.

మా బండి దగ్గర తినే సినిమా కార్మికులకు 24 క్రాఫ్ట్‌ల ఫెడరేషన్ ఉంది. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ వాళ్లు సమ్మె చేస్తే రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. ఆ రోజుల్లో మా గిరాకీ పడిపోయింది, జేబుకు దెబ్బే తగిలింది. అయినా మాకు కోపం రాలేదు. లైట్లు మోసేవాళ్లు కలిస్తే అంత పెద్ద పరిశ్రమ ఆగి మాట్లాడింది. మేం చెడిపోయిన నూనె కింద మంట కూడా ఆపలేకపోతున్నాం. మా జీతం కోసమే కాదు, తినేవాళ్ల ప్రాణం కోసం కూడా మేం కలవాలని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు గదిలో ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఎంత ఇచ్చారు, ఎవరికి చెయ్యి కాలింది, మందులకు ఎవరు పెట్టుకున్నారు, అన్నీ తేదీలతో రాసుకుంటున్నాం. చదువు రానివాళ్లవి చదువొచ్చినవాళ్లు రాస్తున్నారు. పక్క గదివాళ్లు కూడా ఒకటి మొదలుపెట్టారు. మీ తండా నుంచి ఎవరైనా ఈ పనికి వస్తుంటే ముందు మా దగ్గరికి పంపండి. లెటర్ అడగమని, గంటలు అడగమని, ఈఎస్‌ఐ నంబర్ అడగమని చెప్తాం. నూనె ఎప్పుడు పారబోయాలో కూడా నేర్పిస్తాం.