నల్లకంకర బాట

ముప్పదియైదవ యేట సైకిలెక్కితిమని గొప్ప చెప్పుకొనుటకు మేము కలము పట్టలేదు. మా ఊరి ఆడపిల్లలు నిత్యమును సైకిళ్ళపై పొరుగూరి ఉన్నతపాఠశాలకు పోయి వచ్చుచునే యున్నారు. వారికి లేని గొప్ప మాకేల? ఆ సైకిలు మమ్మే దారిని తీసికొనిపోయెనో, ఆ దారి తుద మాకేమి తెలియవచ్చెనో, అది మాత్రమే చెప్పదలచితిమి.

గత సంక్రాంతికి మా తమ్ముడు హైదరాబాదునుండి వచ్చుచు కారు వెనుక రెండు సైకిళ్ళను కట్టి తెచ్చెను. హ్యాండిలు పొట్టేలి కొమ్ములవలె క్రిందికి వంగియుండెను గాని, చక్రములు పందెపు సైకిలుకువలె సన్ననివి కావు. టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. దానికి గాలి బిగువుగా కొట్టరాదట. బొటనవ్రేలితో నొక్కిన కొంచెము లొంగవలెను. బిగిసిన చక్రము రాతిని తాకి ఎగిరిపడును, మెత్తనిది రాతిపై సర్దుకొని సాగిపోవును. కాపురములకును ఈ మాట వర్తించునేమో, పెద్దలు చెప్పవలెను. ఈ సైకిలును గ్రావెల్ బైకందురు; మన మాటలో కంకరదారి సైకిలు.

రాత్రి భోజనములవద్ద వాడు ఐసులాండు కబుర్లు మొదలుపెట్టెను. అక్కడ హెక్లా యను అగ్నిపర్వతపు పరిసరములలో 200 కిలోమీటర్ల కంకరదారి పందెము కలదు. 2019లో మొదలైనదట, పేరు ద రిఫ్ట్. ఆ హెక్లా 2000 సంవత్సరమున సయితము నిప్పులు గ్రక్కినదే. ఆ దేశపు నడిమి దారులకు తారుండదు, పెక్కు వాగులకు వంతెన లుండవు, చలికాలమున దారులనే మూసివేయుదురు. సైకిలును భుజమున నెత్తుకొని మంచునీట దిగి దాటవలెనట.

“జన్మలో ఒక్కసారైనా లావా మీద సైకిలు తొక్కాలి అక్కా” అనెను.

మావారు మజ్జిగ పోసికొనుచు, “దానికి వీసా ఎందుకోయ్? రేపు ఆదివారమేగా. పంగిడి పోదాం పద” అనిరి.

వాడు పరిహాసమనుకొనెను. మేమును అట్లే యనుకొంటిమి. మావారు బడిలో విజ్ఞానశాస్త్రము చెప్పుదురు గాని ఇంట పాఠము చెప్పుట అరుదు. ఆ రాత్రి మాత్రము విస్తరిముందే చెప్పిరి. సుమారు 6.6 కోట్ల ఏండ్ల క్రిందట పశ్చిమకనుమల ప్రాంతమున భూమి చీలి లావా పొరలు పొరలుగా ప్రవహించెను. నేటికిని దక్కనులో అయిదు లక్షల చదరపు కిలోమీటర్లవరకు ఆ నల్లరాయియే పరచుకొనియున్నది. అందులో కొన్ని ప్రవాహములు నాటి నదీలోయలవెంట పడి, ఇంచుమించు వేయి కిలోమీటర్లు నడచి, రాజమహేంద్రవరము చెంత సముద్రతీరమును చేరినవని 2008లో శాస్త్రజ్ఞులు నిరూపింపజూచిరి. లోకములో ఇంత దూరము నడచిన లావా మఱొకటి కలదా యన్నది వారి ప్రశ్న. గోదావరికి ఆవలి ఒడ్డున కాతేరు, ఈవలి ఒడ్డున పంగిడి, గౌరీపట్నము, దుద్దుకూరు దాని మజిలీలు. వాటిలో ఒక పొరకు శాస్త్రజ్ఞు లిచ్చిన పేరు మహాబలేశ్వరము. కృష్ణమ్మ పుట్టినచోటి పేరుగల రాయి గోదావరి ఒడ్డున పడియున్నదన్నమాట.

“అంత దూరం చల్లారకుండా ఎలా వచ్చింది బావగారూ?” అని తమ్ముడడిగెను. ఇది మాత్రము మాకు చెప్పకయే తెలిసినది. గంజిపై తెట్టు కట్టిన పిదప లోపలి వేడి ఎంతసేపు నిలుచునో చేయి కాల్చుకొన్న ఆడుదాని నడుగవలెను. లావాపైనను అట్లే తెట్టు కట్టును. దానిక్రింద నిప్పుటేరు చల్లారక నడచును.

మా అత్తగారు వసారాలో కూర్చుండి అంతయు వినుచుండిరి; ఏమియు ననలేదు. వారు పలుకకుండుట అనుమతియో నిషేధమో తెలిసికొనుట పదునాలుగేండ్లుగా మాకు పట్టుబడని విద్య.

తెల్లవారుజామున మువ్వురమును బయలుదేరితిమి. మావారిది బడికి పోవు పాత సైకిలే. పొగాకు చేలు, పూతకు వచ్చిన జీడిమామిడి తోటలు దాటువరకు నేల ఎఱ్ఱనిది. పిదప ఒకచోట, చీర అంచు మారినట్లు, నలుపు తిరిగెను. నల్లరాయి చివికి నల్లరేగడి యగునని పుస్తకములో చదివియుంటిమి. చక్రముక్రింద ఎఱ్ఱనేల ఇసుకవలె గరగరలాడెను. రేగడి మెత్తగా, మౌనముగా నుండెను. వానకాలమున ఇదే నేల చక్రమును పట్టి కదలనీయదట.

పంగిడి దాటి క్వారీదారి పట్టితిమి. ఇక్కడినుండి బాటయంతయు కంకర. కొండను పేల్చి, క్రషరులో పిండిచేసి, 40 మిల్లీమీటర్ల రాయి ఒక రాశి, 20ది ఒక రాశి, చిప్స్ ఒక రాశి, డస్టు ఒక రాశిగా పోసియున్నారు. టిప్పరులనుండి జారినదే బాటపై పరుపు. వేయి కిలోమీటర్లు నడచి వచ్చిన రాయి రైలుపట్టాల క్రిందికిని, మన ఇండ్ల శ్లాబులలోనికిని మరల ప్రయాణమగుచున్నది. జీడిమామిడి ఆకులు బూడిద పూసికొన్న జంగములవలె నుండెను. ఆ దుమ్ములోనే క్రషరు కూలీల బిడ్డలు కోడిపిల్లల నదలించుచు ఆడుకొనుచుండిరి. తమ్ముని ఐసులాండు బొమ్మలలో మనుష్యులు కనబడలేదు.

కంకరపై తొక్కు మెలకువ వాడు దారిలో చెప్పుచుండెను. టిప్పరు చక్రము నలగగొట్టిన జాడలో పోవలెను గాని నడుమ గట్టుపై పోరాదు. చక్రము ప్రక్కకు జారినను హ్యాండిలును బిగబట్టరాదు; దానంతట అదే దారికి వచ్చును. పల్లమున ముందుబ్రేకు తాకరాదు. ఈ చివరిమాటను మేము తలయూపి వింటిమి; వినుట వేరు, చేయుట వేరు.

పని మానివేసిన క్వారీ యొకటి వానగట్టు ఎగువను కనబడెను. లోన పచ్చని నీరు. మేము గట్టుపైననే నిలిచి చూచితిమి. ఎదుటిగోడలో క్రింద నల్లరాయి, పైన నల్లరాయి, ఆ రెంటి నడుమ పలుచని లేతపసుపు పొర. మొదటి లావా చల్లారిన పిదప రెండవది వచ్చులోపల అక్కడ సముద్రపు కయ్య వచ్చి నిలిచినదట. రాక్షసబల్లులు నశించిన వెంటనే పుట్టిన సూక్ష్మప్రాణుల గుల్లలు ఈ ప్రాంతపు క్వారీలలోని ఈ పొరలోనే దొరకినవని 2008లోనే మఱికొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దారిప్రక్కన పారవేసిన ఒక పసుపురాతిలో చిటికెనవ్రేలి గోరంత నత్తగుల్ల మాకును కనబడెను.

మా తాతగారు భారతము చెప్పునపుడు ఖాండవదహనమున శార్ఙ్గకపక్షి కూనలు బ్రతికిన ఘట్టమును రెండుమార్లు చదివించెడివారు. ఆ ఆదిపర్వమును నన్నయగారు తెనిగించినది ఏటికి ఆవలి ఒడ్డుననే. చేతిలో ఆ గుల్ల నుంచుకొనగా మాకు ఆ కూనలే తలపునకు వచ్చెను.

తిరుగుదారి పల్లము. ఆదివారమగుటచే పేలుళ్ళు లేవు గాని కంకర తోలుట ఆగలేదు. మలుపున టిప్పరు ఎదురుకాగానే మా కుడిచేయి ముందుబ్రేకును పట్టెను. పిదప జరిగినది తెలియదు. బాటపై బోర్లపడియుంటిమి, టిప్పరు ఆగియుండెను, డ్రైవరు మాకన్న ఎక్కువగా వణకుచుండెను. ఎముకకు దెబ్బ లేదు. ఎడమ అరచేయి మాత్రము చిట్లి, నల్లని రవ్వలు లోన దిగెను.

ఇంట అత్తగారు కళ్ళద్దములు పెట్టుకొని, కాచిన సూదితో ఒక్కొక్క రవ్వను తీయ మొదలిడిరి. తిట్టుదురని ఎదురుచూచితిమి. వారు, “ఏ గొయ్యి దగ్గరికి పోయారు?” అని యడిగిరి. మావారు వానగట్టు గుర్తు చెప్పిరి. సూది ఆగెను.

“ఆ గొయ్యి పక్కన వేపచెట్టుందా?”

మేము పసుపు పొర చూచితిమి, గుల్ల చూచితిమి, వేపచెట్టును చూడలేదు.

అప్పుడు తెలిసినది. అత్తగారి పుట్టింటివారు ఆ ఊళ్ళలో ఒకదానివారే. ఈ సంగతి మాకు తెలియును. కాని వారి తండ్రిగారి చేను ఆ మెరక మీదనే యుండెనని, ఆయన పోయిన పిదప అన్నదమ్ములు దానిని క్వారీకి అమ్మినారని, సంతకమునకై వచ్చినపుడు తామును చేసితిమని, అటు తరువాత ఆ దిక్కు పోలేదని ఏనాడును చెప్పలేదు. మేము తెచ్చిన గుల్లను అరచేత దొర్లించి, “వీటిని రాతినత్తలనేవాళ్ళం. అచ్చనగాయలు చాలకపోతే వీటితో ఆడేవాళ్ళం” అనిరి.

తమ్ముడు మఱునాడు ఒక సైకిలును మాకు విడిచి వెడలిపోయెను. గాయము మానిన పిదప ఒక ఆదివారము మావారును మేమును మరల అదే బాటను పోతిమి. పల్లమున దిగి సైకిలు నడిపించుకొంటిమని ఒప్పుకొనుటకు సిగ్గులేదు. వేపచెట్టు ఉన్నది. గోతి అంచుననే యున్నది. సగము వేళ్ళు గాలిలో వ్రేలాడుచున్నవి, అయినను చిగిర్చినది.

ఈ మాట చెప్పగా అత్తగారు చాలసేపు పలుకలేదు. పిదప వసారా దిగివచ్చి తమ్ముని సైకిలుచుట్టును ఒకమారు తిరిగి చూచిరి. “ఇంత డబ్బు పోసి కొన్నాడు కదా, వెనక క్యారియరు లేదేమే దీనికి?” అనిరి.

మావారి సైకిలుకు కలదని చెప్పితిమి. మా అరచేతిలో సూదికి దొరకని రవ్వ ఒకటి ఇంకను నల్లగా అట్లే యున్నది.