కట్లపామా, కాదా?



పోయిన శనివారం రాత్రి మన రూము కిటికీ మీద పాము కనబడ్డ సంగతి అందరికీ తెలుసు. మనమంతా మంచాలెక్కి అరిచినం. వాచ్‌మన్ తాత ఉరికొచ్చి కట్టెతో కొట్టిండు. "కట్లపాము, గండం తప్పింది" అన్నరు. తెల్లారి నేను ఒక్కదాన్నే చెత్తకుండి కాడికి పోయి, దాన్ని పుల్లతో తిప్పి చూసిన. అది కట్లపాము కాదు. బల్లులను తినే పాము. ఇంగ్లీషులో వుల్ఫ్ స్నేక్ అంటరట, అంటే తోడేలు పాము. పేరే గట్ల గానీ, దానికి మనిషిని చంపే విషం లేదు.

రెండిటికీ ఒంటి మీద తెల్ల పట్టీలు ఉంటయి, అందుకే మోసపోతం. తోడేలు పాముకు పట్టీలు మెడ కాడనే మొదలయితయి, అక్కడ వెడల్పుగా ఉంటయి, తోక దిక్కు పోయేకొద్దీ మాసిపోతయి. రంగు గోధుమ రంగు. కట్లపాము నల్లగా నిగనిగలాడుతది. దాని పట్టీలు సన్నగా, జంటలు జంటలుగా ఉంటయి. తల కాడ ఉండవు, కొంచెం కిందికి వచ్చినంక మొదలై తోక దాకా సాఫుగా కనబడుతయి. వీపు నడుమ ఒక వరుస పొలుసులు మిగతా వాటికంటే పెద్దగా ఉంటయి. ఇంకొకటి, గోడలు, కిటికీలు బాగా ఎక్కేది తోడేలు పాము. కట్లపాము ఎక్కువగా నేల మీదనే తిరుగుతది.

ఇవన్నీ నీకెట్ల తెలుసని అడుగుతరు. చెప్తా. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మాది ఇంద్రవెల్లి దిక్కు గోండు గూడెం. కేస్లాపూర్ నాగోబా జాతరకు ప్రతి ఏడు పుష్య అమావాస్యకు పోతం. పాము మాకు దేవుడు, మా తాత పామును కొట్టనియ్యడు. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు వానకాలంలో సెలవులకు ఇంటికి పోయిన. అందరం కింద చాప మీద పండుకున్నం. నడిరాత్రి తమ్ముడు లేచి చెయ్యి కాడ ఏదో చురుక్కుమన్నది అన్నడు. బాపు బ్యాటరీ లైటు కొడితే గోడ మూలకు ఒక పాము పోతున్నది. తెల్ల పట్టీలు ఒక్క నిమిషం కనబడి బొక్కలోకి పోయినయి. తమ్ముని చేతికి వాపు లేదు, గాటు కూడా కనబడలేదు. బాపు నా దిక్కు తిరిగి, "నువ్వు సదువుకున్నవు గదా బిడ్డా, అది ఏం పాము?" అన్నడు.

మా ఇంట్ల బడికి పోయింది నేనే మొదలు. అట్ల అడిగితే నాకు సంబురమైంది. కట్లపాము లాగా ఉండి విషం లేని పాము ఉంటదని పుస్తకంలో చదివిన. ఆ ఒక్క ముక్కే యాదికున్నది, తేడా ఏందో యాదికి లేదు. "బల్లుల పాము బాపూ, ఏం కాదు" అన్న. బాపు నమ్మిండు. అందరం మళ్ళ పండుకున్నం.

కోడి కూసే యాళ్ళకు తమ్ముడు కడుపు నొప్పి అని ఏడ్చిండు. రెప్పలు పైకి లేస్తలేవు. ఉమ్ము మింగలేక కారిపోతున్నది. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవట, అదే దాని మోసం. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. మందు సెలైన్ల ఎక్కించి, ఊపిరి తీసే మిషన్ పెట్టిండ్రు. నాలుగు రోజులకు కండ్లు తెరిచిండు.

అక్కడ డాక్టరు గారు ఒక మాట చెప్పిండ్రు. పాము ఏదో తేల్చుకుంట కూర్చోవద్దు, చంపి తేవద్దు, కట్లు కట్టవద్దు, కోయవద్దు, కదలకుండా పండుకోబెట్టి తొందరగా తీసుకరండి అన్నరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగిటికీ మందు ఒక్కటేనట. గుర్రాలకు విషం కొంచెం కొంచెం ఎక్కించి, వాటి రక్తం నుంచి ఆ మందు తీస్తరు. ఆ విషం పట్టి ఇచ్చేది ఎక్కువగా మద్రాసు కాడి ఇరుల వాళ్ళు. వాళ్ళు కూడా మన లెక్కనే ఆదివాసులు. 1978లో సొసైటీ పెట్టుకున్నరు. 2023లో వడివేల్ గోపాల్, మాసి సడైయన్ అనే ఇద్దరు ఇరుల వాళ్ళకు పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి చదివిన రోజు నేను అన్నం కూడా మరిచిపోయిన.

వేరే పాములతోనూ ఇదే తిప్పలు. పడగ విప్పని నాగుపామును జెర్రిపోతు అనుకుంటరు. రక్తపింజర మీద గొలుసు లెక్క మూడు వరుసల మచ్చలుంటయి, దాన్ని కొండచిలువ పిల్ల అనుకొని పిల్లలు దగ్గరికి పోతరు. దూరం నుంచి తేడా చూసుడు మంచిదే. కరిచినంక మాత్రం నాలెక్క చెప్పకుండ్రి.

తరువాత గోడ మెత్తేటప్పుడు ఆ పాము మళ్ళ బయటపడ్డది. తోక దాకా జంట పట్టీలు. తాత దాన్ని కొట్టనియ్యలేదు, అడవి దిక్కు పోనిచ్చిండు. నేను నిలబడి చూసిన. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. బాపు ఇప్పటికీ ఏదైనా కాగితం వస్తే నాకే ఇచ్చి చదవమంటడు.

తమ్ముడు ఇప్పుడు నులక మంచం మీద, దోమతెర అంచులు బొంత కిందికి దోపుకొని పండుకుంటడు. సెలవులకు పోతే, "అక్కా, మంచం నువ్వు తీసుకో" అంటడు. నేను వద్దంట. ఎందుకో వాడికి తెల్వదు. ఈ గోడ పత్రిక వాడు చూడడు గాబట్టి రాసిన.