పల్లమెరిగిన నీరు పైకెక్కాలంటే...

నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు పెద్దలు. నిజం సంగతేమో గానీ, నీటికి పల్లం ఎంత బాగా తెలుసో మా కాలనీ చివరి గల్లీలో కాపురం ఉండేవాళ్లను అడగండి. పై వీధుల్లో ఎవరింట్లో బట్టలు ఉతికినా, ఎవరింట్లో పెళ్లయినా ఆ నీళ్లన్నీ వచ్చి చేరేది మా ఇళ్ల ముందున్న మ్యాన్‌హోల్‌కే. మా ఇల్లు కూడా ఆ గల్లీలోనే ఉంది.

హైదరాబాద్ శివార్లలో, ఒకప్పటి చెరువు కట్టకు దిగువన వేసిన లేఅవుట్ మాది. ప్లాట్లు అమ్మినప్పుడు 'డ్రైనేజీ కూడా ఉంది' అన్నారు. ఉన్నమాట నిజమే. పైపులు వేశారు, మూతలు పెట్టారు. కాకపోతే ఆ లైను మా గల్లీ చివరకు వచ్చి ఆగిపోయింది. దాన్ని కలపాల్సిన పెద్ద లైను మెయిన్ రోడ్డు మీద, మాకంటే పదడుగుల ఎత్తులో ఉంది. ఇళ్లు తక్కువగా ఉన్నన్నాళ్లూ పక్క ఖాళీ స్థలంలో ఇంకిపోయేది. ఆ స్థలంలోనూ ఇళ్లు లేచాక, వాన పడితే చాలు, మా బాత్‌రూమ్‌లలో మురుగు ఎగదన్నేది. ఛాంబర్ మూత లేవకుండా రుబ్బురోలు పెట్టుకున్న ఇల్లాళ్లున్నారు మా వీధిలో.

ఆడవాళ్లమే నలుగురం కలిసి కాలనీ సంక్షేమ సంఘం మీటింగులకు వెళ్లడం మొదలుపెట్టాం. మురుగు గురించి నేను నేర్చుకున్నదంతా అక్కడే, సంఘం పిలిపించిన ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి దగ్గర. మురుగు పైపులో నీరు మరీ నిదానంగా పోకూడదట. సెకనుకు కనీసం 0.6 మీటర్ల వేగం ఉంటేనే ఇసుక, మడ్డి అడుగున పేరుకోకుండా కొట్టుకుపోతాయట. ఆ వేగం కావాలంటే వాలు ఉండాలి. 250 మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలు ఇచ్చినా కిలోమీటరు దూరం పోయేసరికి పైపు 4 మీటర్ల లోతుకు దిగుతుంది. అంత లోతున మా దగ్గర తగిలేది నల్లరాయి. పైగా మేం వెళ్లాల్సింది ఎత్తుకు.

1908 సెప్టెంబరులో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. వరద అడ్డుకునే జలాశయాలతో పాటు, నగరానికి మురుగునీటి పథకాన్నీ ఆయన సూచించారు. పాత నగరం వాలు మూసీ వైపే కాబట్టి మురుగు తనంతట తానే దిగువకు పోయే వీలుంది. నగరం పెరిగిన కొద్దీ వాలు చూసి ఇళ్లు కట్టేవాళ్లు కరవయ్యారు. దొరికిన చోటల్లా కట్టుకున్నాం. ఆ వాలు లేని చోట కావాల్సిందే లిఫ్ట్ స్టేషన్, అంటే మురుగును ఎత్తిపోసే పంప్‌హౌస్.

ఇంజనీరు గారు తెల్లకాగితం మీద లెక్క వేసి చూపించారు. మా కాలనీలో 400 ఇళ్లు. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు, అందులో 80 శాతం మురుగవుతుంది. మొత్తం 1,72,800 లీటర్లు. సగటున సెకనుకు 2 లీటర్లే. కానీ పొద్దున అందరూ ఒకేసారి స్నానాలు చేసే వేళకు దానికి మూడింతలు, సెకనుకు 6 లీటర్లు వస్తుంది. పంపు ఆ వేళకు సరిపడా ఉండాలి. ఒకటి చెడితే రెండోది ఒక్కటే మొత్తం లాగాలి. పొద్దున గంటసేపు కరెంటు పోతే 21,600 లీటర్లు ఎదురుచూస్తూ ఉండవు. కాబట్టి జనరేటరూ తప్పదు.

"అయితే పెద్ద సంపు కట్టేస్తే పోలేదా?" అని నేనడిగాను. "వద్దమ్మా. మురుగు ఎక్కువసేపు నిలవుంటే కుళ్లిపోయి విషవాయువు పుడుతుంది. అది కాంక్రీటునూ తింటుంది, మనిషినీ తింటుంది" అన్నారాయన.

లెక్క తేలిందిగానీ, చోటు దగ్గర పేచీ మొదలైంది. పంప్‌హౌస్ కావాలని అందరూ ఒప్పుకున్నారు, తమ ఇంటి పక్కన మాత్రం వద్దన్నారు. పై వీధులవాళ్లు ఇంకో మాటన్నారు: "మా ఇళ్లలోకి మురుగు రావడం లేదు కదా, మేమెందుకు డబ్బులివ్వాలి?" అప్పుడు మా గల్లీలో పెద్దావిడ లేచి, "నాయనా, మా ఇంట్లోకి వచ్చేది మా నీళ్లనుకుంటున్నావా? మీ నీళ్లే" అంది. మీటింగు కాసేపు నిశ్శబ్దమైపోయింది. చివరికి పార్కు మూల ఖరారైంది. ఎత్తు, పల్లం చూడకుండా ఇంటింటికీ సమాన వాటా వేశారు.

కట్టే రోజుల్లో డ్రైనేజీ పని తెలిసిన ఒక కుర్రాడు వచ్చి గొయ్యి చూసి, "అమ్మా, రేపు పంపు పాడైతే మమ్మల్ని దింపకుండా గొలుసుతో పైకి లాగేటట్టు పెట్టించండి" అన్నాడు. అతని చిన్నాన్న మ్యాన్‌హోల్‌లో దిగి మళ్లీ పైకి రాలేదట. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే ముక్కుకు వాసన కూడా తెలియదు. కంపు లేదు కదా అని దిగినవాడు అక్కడే కూలిపోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనుషులను దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో ప్రాణం పోతే 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కుర్రాడు అడిగింది మాత్రం పరిహారం కాదు, ఒక గొలుసు. గొలుసు, పంపు జారడానికి రెండు పట్టాలు, పైన కప్పీ పెట్టించాం. ఖర్చు పెరిగిందని గొణిగినవాళ్లకు ఆ చిన్నాన్న కథే జవాబు.

పంపు తిరగడం మొదలయ్యాక, దానికి ముందున్న ఇనుప జల్లెడలో చిక్కేవి చూస్తే మన ఇళ్ల గుట్టు బయటపడుతుంది. పాతగుడ్డలు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, జుట్టు ఉండలు, పాలకవర్లు. ఇవి జల్లెడ దాటితే పంపు ఆగుతుంది. అందుకే చెత్తబుట్టలో వేయాల్సింది అందులోనే వేయండని ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. కొందరు విన్నారు, కొందరు ఇంకా వినాల్సి ఉంది.

ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. రెండు గదుల పాత ఇళ్లు పడగొట్టి ఐదంతస్తులు లేపుతున్నారు. ఒక కుటుంబం ఉన్నచోట పది కుటుంబాలు. పైపు మాత్రం అదే, సంపూ అదే. 400 ఇళ్లకు వేసిన లెక్క 800 ఇళ్లకు ఎలా సరిపోతుంది? కొత్త అపార్ట్‌మెంట్ కనెక్షన్ అడిగితే ముందు మురుగు లెక్క తీయాలని, పంపు సామర్థ్యం పెంచడానికి వాటా కట్టించుకోవాలని ఇటీవల సంఘంలో తీర్మానించాం. బిల్డర్లకు మా మీద కోపంగానే ఉంది.

ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు మనం మంజీరా నీళ్లు వస్తాయా, కార్ పార్కింగ్ ఉందా, తూర్పు గుమ్మమేనా అని అడుగుతాం. ఈసారి వెళ్తే ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఇక్కడి మురుగు ఎటు పోతుంది?" పంపు ఉందంటే రెండోది ఉందా, జనరేటర్‌లో డీజిల్ పోసేదెవరు, బాగుచేయాల్సి వస్తే మనిషి లోపలికి దిగాలా అని కూడా అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే, అడ్వాన్స్ ఇచ్చేముందు ఒకసారి వానాకాలంలో వెళ్లి చూసి రండి.